మా ఊళ్ళో ఒక్క చాపా లేదు

కంప్యూటరు సున్నా అంది.

మళ్ళీ అడిగాను. మళ్ళీ సున్నా అంది. ఈసారి ఇంకొంచెం కుదురుగా అన్నట్టనిపించింది.

మూడు నెలలు! తొంభై ఇళ్ళు తిరిగి, ప్రతి ఇంట్లో కోకో తాగి, కడుపుబ్బరం తెచ్చుకుని, పదకొండు వందల అరవై నాలుగు చాపల వివరాలు రాయించి, అవన్నీ ఈ రెండు వేళ్ళతో టైపు చేశాను. ఇప్పుడు దాన్ని ఒక్క చిన్న ప్రశ్న అడిగాను. "మా సలేఫువా ఊళ్ళో ప్రస్తుతం ఏ చాప ఎవరింట్లో ఉంది?" జవాబు: ఏ చాపా ఎవరింట్లోనూ లేదు.

చాపంటే కాళ్ళు చాపుకునే చాప కాదు. ఇయెతోంగా, పొట్టిగా ఇయె. మొగలి జాతి ఆకుని గోటితో పోగులు చీల్చి, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి అల్లితే పట్టుగుడ్డలా చేతిలోంచి జారిపోతుంది. అంచుకి ఎర్రటి ఈకలు. దాని మీద ఎవరూ కూర్చోరు. అది ఇవ్వడానికే పుడుతుంది. పెళ్ళికిస్తారు, చావుకిస్తారు, కుటుంబ పెద్దగా ఎవరికైనా బిరుదు కడితే ఇస్తారు. ఇలాంటి సందర్భం దేన్నైనా మేం ఫాలవెలవె అంటాం. పేరుకి తగ్గట్టే, ఒక్క ఫాలవెలవె వచ్చి వెళ్ళిందంటే ఇల్లు వెలవెల.

ఈ చాపల చరిత్ర చెరిగిపోకుండా రాసిపెట్టాలని మా మహిళా కమిటీ ముచ్చటపడింది. ఎవరో బ్రిస్బేన్ నుంచి రోవన్ అనే కుర్రాణ్ణి పంపారు. తెల్లవాళ్ళని మేం పాలంగి అంటాం. ఇతను వచ్చిన మొదటి రోజు పాలరంగులోనే ఉన్నాడు, రెండో రోజుకి ఎండకి ఉడికి పీతలా ఎర్రబడ్డాడు. మంచివాడే. కాకపోతే ప్రపంచంలో ఉన్నదంతా చుక్కలూ బాణాలే అనుకుంటాడు.

"మనిషి ఒక చుక్క. చాప ఒక చుక్క. పెళ్ళో చావో ఆ సందర్భం ఒక చుక్క. ఎవరు అల్లారు, ఎవరు ఎవరికిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఇవన్నీ బాణాలు. ఒక బాణం తోక పట్టుకుంటే చాలు సార్, ఎంత దూరం పోయిన చాపైనా దొరికిపోతుంది," అని పలక మీద గీసి చూపించాడు.

మొదట్లో అతను చాపకి ఎదురుగా 'యజమాని' అని ఒకే ఒక్క గడి పెట్టబోతే నేనే అడ్డుపడ్డాను. "బాబూ, ఇయెకి యజమాని ఉండడు, మజిలీ ఉంటుంది" అన్నాను. ఆ మాట అతనికి తెగ నచ్చి పుస్తకంలో రాసుకున్నాడు. ఆ ఊపులోనే ఒక నిబంధన కూడా పెట్టాడు. సందర్భం పేరు రాయకపోతే 'ఇచ్చాను' అన్న బాణాన్ని కంప్యూటరు తీసుకోదు. ఫలానా వారి చావు, ఫలానా వారి పెళ్ళి, సంవత్సరం అన్నీ ఉండాల్సిందే. ఆ నిబంధనని నేను మూడు నెలలూ పళ్ళు నూరుతూ తిట్టుకున్నాను.

నేనంటే ఎనెలె. ఇరవై ఆరేళ్ళు బడిలో లెక్కలు చెప్పి, ఇప్పుడు కమిటీకి గుమస్తాగిరీ చేస్తున్నాను. నా నోటికి మూత ఉండదని ఊళ్ళో పేరు. నోటికి మూత పెడితే మాట ఎటు నుంచి వస్తుందో చెప్పినవాడు మాత్రం ఇంతవరకు లేడు.

"ఒరే ఎనెలే! దొరికిందా?"

కర్ర చప్పుడు ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చింది. ఫువాటినో పెద్దమ్మ. ఎనభై ఒకటో ఏడు. కళ్ళు ముప్పాతిక వంతు పోయాయి, గొంతు మాత్రం చర్చి గంటకి పోటీ. మా కమిటీ ఇంటికి గోడలుండవు, స్తంభాలే కాబట్టి ఆవిడ గొంతుకి అడ్డం కూడా ఉండదు. సగం ఊరు విన్నట్టే.

"వెతుకుతున్నాం పెద్దమ్మా."

"వెతికేదేంట్రా! మీట నొక్కితే దొరుకుతుందన్నాడు ఆ పాలంగి. నొక్కు."

ఆవిడ అడిగేది నాలుగు వందల పదిహేడో నంబరు చాప. యాభై ఏళ్ళ కిందట తనూ, అక్క మేలే కలిసి మూడున్నరేళ్ళు అల్లింది. ఒక మూల ఈకల పక్కన జానెడు మేర అల్లిక బిగుసుకుపోయి ఉంటుందట. ఆ వారం అక్కాచెల్లెళ్ళు పోట్లాడుకున్నారు, మేలే కోపమంతా ఆకు మీద చూపించింది. తర్వాత ఏదో ఫాలవెలవెలో ఇచ్చేశారు. ఇప్పుడు మేలే సవాయి దీవిలో కూతురి దగ్గర మంచం పట్టింది. డాక్టర్లు ఆశ వదిలేశారు. ఆవిడకున్న కోరిక ఒక్కటే, ఆ చాపని ఒక్కసారి తాకాలి.

"చావుకి ఎలాగూ పాతిక చాపలొస్తాయి కదే అన్నాన్రా. చచ్చాక కప్పితే నాకేం తెలుస్తుందే మొద్దూ అంది." ఫువాటినో కర్రతో నేల మీద ఒక్కటేసింది. "శనివారం పడవకి పోతున్నా. చాప లేకుండా దాని మొహం చూడలేను. నాకు సరిగా కనిపించదనుకో, దానికి కనిపిస్తుందిగా."

అది మంగళవారం.

నేనూ రోవనూ నాలుగు వందల పదిహేడు తోక పట్టుకున్నాం. తెర మీద బాణాలు ఒకటొకటే వెలిగాయి. ఫువాటినో ఇంటి నుంచి బయల్దేరి, పదకొండు చేతులు మారి, చివరికి మా ఊళ్ళోకే తిరిగొచ్చింది. అక్కణ్ణించి ఐదు ఇళ్ళు. మొదటి ఇల్లు రెండో ఇంటికిచ్చింది. రెండోది మూడోదానికి. మూడోది నాలుగుకి, నాలుగోది ఐదుకి. ఐదో ఇల్లు మొదటి ఇంటికి!

"గుండ్రంగా తిరుగుతోంది సార్," అన్నాడు రోవన్. మొహంలో ఉన్న ఆ కాస్త ఎరుపూ పోయింది. "ఎక్కడా ఆగట్లేదు. ఇదొక్కటే కాదు, చూడండి, అన్నీ అంతే. పదకొండు వందల అరవై నాలుగూ తిరుగుతూనే ఉన్నాయి. ఎవరింట్లోనూ లేవంటే మరి ఎక్కడున్నట్టు, గాల్లోనా?"

"పరుపుల కింద."

"ఏంటీ?"

"మంచి ఇయె ఎప్పుడూ పరుపు కిందే ఉంటుంది బాబూ. కానీ ఉందని ఎవడూ చెప్పడు. చెబితే రేపు పినతల్లి మరిది కొడుకు పెళ్ళికి వచ్చి 'నీ దగ్గరుందటగా' అంటారు. అడిగితే లేదనడం మాకు చేతకాదు. అందుకని అడగకముందే లేదనుకుంటాం. నీ ఫారం పట్టుకుని ఎవరింటికెళ్ళినా, 'అయ్యో, మొన్ననే ఫలానా వాళ్ళకి ఇచ్చేశాం' అన్నారు. నువ్వు డేటా అడిగావు, ఊరంతా దాతలయ్యారు. పుచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు."

రోవన్ కుర్చీ నా వైపు తిప్పాడు.

"ఇది మీకు ముందే తెలుసా?"

"పుట్టినప్పట్నించీ."

"మరి మూడు నెలలు టైపు చేశారే!"

"నువ్వు అడిగింది చేశాను. ఇది అడగలేదుగా."

అతను తల టేబులు మీద పెట్టుకున్నాడు. నేను జాలిపడి ఒక కోకో పోయించాను. ప్రతి ఆదివారం ప్రార్థనలో మమ్మల్ని శోధనలోకి తేవద్దని దేవుణ్ణి అడుగుతూనే ఉంటాం. ఆయన విన్నాడో లేదో కానీ, విమానమెక్కించి మరీ ఈ శోధనని పంపాడు.

బుధవారం ఐదు ఇళ్ళకీ నేనే వెళ్ళాను. నిజానికి నాలుగిళ్ళకే, ఐదిట్లో చివరిది మాదే. మా ఇంటి ఫారం మా ఆవిడ పెనీనా నింపింది, ఎప్పుడో ఇచ్చేశామని రాసింది, అయిపోయింది. మిగతా నాలుగిళ్ళలో ప్రతివాళ్ళూ బైబిలు మీద చెయ్యేసినంత పని చేశారు. ఒకావిడైతే కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. "అంత మంచి చాప నా దగ్గరుంటే ఫువాటినో పిన్నికి ఇవ్వనా ఎనెలే, నేనేమన్నా రాయినా?" అని. ఆవిడ కూర్చున్న మంచం చూశాను. పరుపు నేల నుంచి నా నడుం దాకా ఉంది. ఏం చెప్పను! లేచి పరుపెత్తే హక్కు ఈ దీవిలో ఎవడికీ లేదు.

గురువారం పొద్దున్నకి నాకు చిరాకు నెత్తికెక్కింది. కంప్యూటరు మీద చిరాకు, రోవన్ మీద చిరాకు, ఊరి మీద చిరాకు. అన్నిటికీ మించి నడుంనొప్పి. మా మంచం నా వైపు ఎందుకో ఎత్తుగా ఉంటుంది. పరుపు తిరగేద్దామంటే పెనీనా ఒప్పుకోదు. "నీ వయసు తిరగెయ్యి, నొప్పి అదే పోతుంది," అంటుంది.

"రాత్రి నిద్ర లేదా ఏంటి, కొబ్బరిపీచు నమిలినట్టుంది మొహం?"

సులు అత్త. పెనీనాకి మేనత్త. డెబ్బై నాలుగేళ్ళు, గున్నేనుగు లాంటి మనిషి. అరిటాకులో వేడి వేడి పానికెకెలు పట్టుకొచ్చింది. పునుగుల్లాగే ఉంటాయి, కాస్త తియ్యగా. రోవన్‌కి నాలుగు పెట్టి, నాకు రెండు పెట్టి, తను ఆరు ముందేసుకుంది.

"నా పేరు రాశారా మీ పెట్టెలో? నేనల్లిన చాపలు పదకొండు. ఊళ్ళో అందరివీ రాసి నావి వదిలేశారట. నేనేం చచ్చానా?"

"రాద్దాం అమ్మా," అని రోవన్ ఆవిడ పూర్తి పేరు అడిగి కొట్టాడు.

తెర ఎర్రబడింది.

రోవన్ ఒకసారి తెర వంక, ఒకసారి అత్త వంక, ఒకసారి ఆవిడ చేతిలోని పానికెకె వంక చూశాడు. "సార్… ఈవిడ చనిపోయారట."

"ఎప్పుడు?" అంది అత్త నములుతూనే.

"రెండు వేల తొమ్మిదిలోనండీ. అంత్యక్రియలు కూడా అయ్యాయి."

"అయ్యో!" అంది సులు అత్త గుండె మీద చెయ్యేసుకుని. తర్వాత కొంచెం ముందుకి వంగి, గొంతు తగ్గించి, "ఎన్ని ఇయెలు వచ్చాయట?"

నేను తినేది గొంతులో అడ్డం పడింది. రోవన్ వీపు మీద గుద్దుతుంటే, ఆ గుద్దుల మధ్య నాకు వెలిగింది. ఆ పాడు నిబంధన! సందర్భం రాయకపోతే బాణం పడదు. ఇచ్చామని అబద్ధం ఆడాలంటే ఒక ఫాలవెలవె కావాలి. పెళ్ళి రాస్తే పెళ్ళికొడుకు వచ్చి నా పెళ్ళెప్పుడయిందంటాడు. చావైతే పోయినవాడు వచ్చి అడగడు కదా! అందుకని…

"రోవన్, దాన్ని చాప అడగొద్దు. మనుషుల్ని అడుగు. ఒకచోట చచ్చిపోయి, తర్వాత ఇంకోచోట బతికున్నవాళ్ళు ఎంతమంది?"

అతని వేళ్ళు మీటల మీద పరిగెత్తాయి. ఈసారి సున్నా రాలేదు. అరవై మూడు వచ్చింది.

అరవై మూడు మంది! చచ్చాక పిల్లల్ని కన్నవాళ్ళు, చచ్చాక చర్చికి విరాళమిచ్చినవాళ్ళు, చచ్చాక చాపలల్లినవాళ్ళు. ఒకాయనైతే ఏకంగా నాలుగుసార్లు పోయాడు, ఒక్కో పరుపు కోసం ఒక్కోసారి. కత్తి లేదు, గొడవ లేదు, మా ఊళ్ళో ఇంటింటా చాప కింద నీరులా ఇంత నరమేధం జరిగిపోతుంటే నేను రెండు వేళ్ళతో టైపు చేస్తూ కూర్చున్నాను.

"ఇప్పుడు నాలుగు వందల పదిహేడు," అన్నాడు రోవన్. అతని గొంతులో మళ్ళీ ప్రాణం వచ్చింది. "ఆ ఐదు బాణాల్లో నాలుగు నిజంగా జరిగిన సందర్భాలే. నలుగురైదుగురు విడివిడిగా అదే సంగతి చెప్పారు. ఒక్క బాణం మాత్రం…"

ఆపేశాడు.

"ఒక్క బాణం మాత్రం?"

"ఈవిడ అంత్యక్రియలకి వేలాడుతోంది సార్." పానికెకె తింటున్న అత్త వైపు చూపించాడు. "ఇచ్చినవారు… పెనీనా అని ఉంది. ఐదో ఇల్లు."

ఫారం తీసి చూశాను. మా ఆవిడ దస్తూరీ. ముత్యాల్లాంటి అక్షరాలు. టైపు చేసింది నేను. చదివినవాడు మాత్రం లేడు.

సులు అత్త ఆఖరి పానికెకె నోట్లో వేసుకుని లేచింది. "పద. నన్ను చంపినదాన్ని చూద్దాం."

పెనీనా గుమ్మంలో టారో దుంపలు గీకుతోంది. మా ముగ్గురి మొహాలూ చూడగానే కత్తి పక్కన పెట్టింది. నేను తిన్నగా లోపలికెళ్ళి, ఇరవై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి, నా వైపు పరుపు ఎత్తాను.

ఎర్రటి ఈకలు.

"ఇన్నేళ్ళు దీని మీద పడుకున్నానా! నా నడుం విరిగింది దీని మడతల వల్లా? నాక్కూడా చెప్పకుండానా?"

"నీకు చెప్పడమంటే ఊరికి చెప్పడమే కదయ్యా మాస్టారూ," అంది పెనీనా. "పెట్టె ముందు కూర్చుని ఊరి చాపలన్నీ లెక్కరాస్తుంటివి. నీకు చెబితే మన పరుపుకి కూడా ఒక నంబరేసేవాడివి."

"మీ మేనత్తని చంపుతావా దానికోసం?"

"ఆవిడైతే ఏమీ అనుకోదని…"

"అనుకోను కానీ," అంది సులు అత్త మంచం చివర కూలబడి, "ఒక్క చాపే ఇచ్చావా నా చావుకి? అదీ పరాయివాళ్ళకి?"

"ఎవరి కోసమే ఇంతలా దాచింది?" అన్నాను.

పెనీనా మోచేత్తో మొహం తుడుచుకుంది. "నీకే. ఏదో ఒకనాడు పోతావు కదా. ఆ రోజు ఊరంతా కూర్చుని చూస్తుంటే, ఇంతకాలం ఇంతమందికి నవ్వు పంచినవాడికి కప్పడానికి ఒక్క మంచి ఇయె లేదని అనిపించుకోనా నేను?"

రోవన్ ఉన్నందుకు సిగ్గేసి, ఎత్తిన పరుపు దించాను.

"పిచ్చిదానా," అన్నాను చివరికి. "చచ్చాక కప్పితే నాకేం తెలుస్తుందే?"

ఆ మాట ఎవరిదో ఆవిడకి తెలుసు. మంగళవారం ఫువాటినో పెద్దమ్మ అరిచిన అరుపు మా వంటింటి దాకా వచ్చే ఉంటుంది. విని కూడా రెండు రోజులు ఈ మంచం మీద పడుకుంది పాపం. ఎలా పడుకుందో!

పెనీనా స్నానం చేసి, ఆదివారం చర్చికి కట్టే తెల్ల బట్టలు కట్టింది. చాప తీసింది. నేను దాన్ని చాపచుట్టి చంకన పెట్టి వెనక దోవన పోదామన్నాను. నా వంక ఒక్క చూపు చూసింది. "దొంగసొత్తా?" అంది. సులు అత్తకి ఒక అంచు అందించి, రెండో అంచు తను పట్టుకుని, ఈకలు ఎండలో మెరుస్తుండగా నడిరోడ్డు మీద విప్పి పట్టుకుని నడిచింది. రెండు వేల తొమ్మిదిలో పోయిన మనిషి అరుస్తోంది, "చూడండర్రా! ఎంత చక్కని చాపో చూడండి!" ఇళ్ళకి గోడల్లేవు కాబట్టి చూడనివాడు లేడు. రేపటి నుంచి ప్రతి పెళ్ళికీ పెనీనా గుమ్మం ముందు జనం ఉంటారు. పెనీనా దగ్గర ఇంకా ఏమున్నాయో అని ఊరంతా మా పరుపు గురించే మాట్లాడుకుంటుంది. అది తెలిసే తల ఎత్తుకుని నడిచింది.

ఫువాటినో చాప తీసుకుని చేత్తో అంచు వెంట వెతుకుతూ పోయి ఒక మూల దగ్గర ఆగింది. జానెడు మేర. ఆ బిగువు మీద వేళ్ళు అలాగే పెట్టింది.

"ఎంత పొగరే నీకు మేలే," అని తనలో తను అనుకుని నవ్వింది.

శనివారం పడవ వెళ్ళింది. రోవన్ కూడా ఆ వారమే బ్రిస్బేన్ వెళ్ళిపోయాడు.

మూడు వారాలకి ఫువాటినో తిరిగొచ్చింది. ఒక్కతే వచ్చింది. నేను ఫారం పట్టుకుని వెళ్ళాను. పని పనే కదా.

"మేలే పెద్దమ్మ ఎలా ఉంది?"

"డాక్టర్ని తిడుతోంది. అంటే బాగున్నట్టే."

"చాప?"

"ఇచ్చేశాన్రా దానికి."

"సందర్భం రాయాలి పెద్దమ్మా. పెళ్ళా, చావా, బిరుదా?"

"ఎవరూ చావలేదు, ఎవరూ పెళ్ళాడలేదు."

"ఏదో ఒకటి రాయకపోతే పెట్టె తీసుకోదు."

"అక్క బతికుందని రాయి."

బతికుండటం అనే సందర్భం మా పట్టికలో లేదు. రోవన్‌కి ఫోను చేశాను. "పెడతాను సార్, ఒక గంటలో పెడతాను," అన్నాడు. పెట్టాడు. బాణం పడింది.

నిన్న సవాయి నుంచి పడవ మీద ఇంకో ఫారం వచ్చింది. మేలే కూతురు రాసి పంపింది. చాప నంబరు నాలుగు వందల పదిహేడు. చెల్లెలికి తిరిగి ఇచ్చేశాం. సందర్భం: చెల్లెలు కూడా బతికే ఉంది.

ఇద్దరూ ఇచ్చేశారు. అటొక బాణం, ఇటొక బాణం. తెర ఎర్రబడి, సరిచూడమని నన్ను అడుగుతోంది. పొద్దున ఫువాటినో ఇంటి మీదుగా వెళ్తూ తొంగి చూశాను. ఆవిడ మంచం మీద కూర్చుని కాళ్ళూపుతోంది. కిందటి నెల ఆ కాళ్ళు నేలకి ఆనేవి.

"ఏంట్రా చూస్తున్నావు?" అంది, కళ్ళు కనిపించని మనిషి.

"ఏం లేదు పెద్దమ్మా," అన్నాను. నేను ఇంతకంటే తక్కువ మాట్లాడిన రోజు మా ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు.